బిడ్డకి జబ్బు, తల్లిదండ్రులకి నింద: ధమ్మం ఏమంటుంది?



"ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నారో!" పెద్ద జబ్బున్న పిల్లను చూసినప్పుడు మన పేటల్లో ఇప్పటికీ వినపడే మాట ఇది. అనేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. జాలితోనే అంటారు. గోడ మీద బాబాసాహెబ్ పటం, పక్కన బుద్ధుడి పటం ఉన్న ఇంట్లో కూర్చుని, ఇచ్చిన టీ తాగుతూ అంటారు. 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్ళ నోటి నుంచి కూడా ఈ మాట నేను విన్నాను. మాట అన్నవాళ్ళు టీ గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోతారు. ఆ మాట మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. రాత్రి బిడ్డ పడుకున్నాక ఆ తల్లి దాన్నే తలుచుకుంటూ పైకప్పు చూస్తూ ఉంటుంది.

ఈ కరపత్రంలో జబ్బు గురించి కొంచెమే చెప్తాను. జబ్బుపడ్డ బిడ్డ పక్కన ఏళ్ళ తరబడి కూర్చునే తల్లిదండ్రుల మనసు గురించి ఎక్కువ చెప్తాను. వాళ్ళకి అలసట వస్తే అది తప్పా? విసుగు వస్తే పాపమా? ఇది ధమ్మానికి సంబంధించిన ప్రశ్న. మనం పాత దేవుళ్ళను వదిలి వచ్చినా పాత లెక్కలను వదిలామా లేదా అనేది ఇక్కడే తేలిపోతుంది.

ఉదాహరణకి తలసీమియా తీసుకుందాం. ఇది రక్తానికి సంబంధించిన జబ్బు. పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే ఉంటుంది. ఆరు నెలలు దాటాక, రెండేళ్ళ లోపు పాలిపోవడం, పాలు తాగకపోవడం, పొట్ట ఉబ్బడం మొదలవుతుంది. ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాదు. అందుకని రెండు నుంచి నాలుగు వారాలకోసారి బయటి నుంచి రక్తం ఎక్కించాలి. ఒక నెలా రెండు నెలలా కాదు, బతికినన్నాళ్ళూ. అలా ఎక్కించిన రక్తంతో ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. గుండెకీ కాలేయానికీ అది ముప్పు. దాన్ని తీయడానికి రోజూ మందు వాడాలి. ఎముక మజ్జ మార్పిడితో నయం చేయవచ్చు. కానీ అందుకు సరిపోయే దాత కావాలి, లక్షల్లో డబ్బు కావాలి.

ఇప్పుడు ఆ తల్లి రోజు ఎలా ఉంటుందో చూడండి. రక్తం ఎక్కించే రోజు తెల్లారుజామున మొదటి బస్సు. ఆ రోజు కూలి పోతుంది. ఆసుపత్రిలో రక్తం ఉంటుందో లేదో బస్సు ఎక్కేటప్పుడు తెలియదు. వేసవి వచ్చిందంటే కాలేజీలకు సెలవులు, రక్తదాన శిబిరాలు ఉండవు, బ్లడ్ బ్యాంకులు ఖాళీ. తలసీమియా పిల్లలకు బదులు రక్తం అడక్కుండా, డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని ప్రభుత్వ నిబంధన ఉంది. నిబంధన ఉన్నంత మాత్రాన ఫ్రిజ్‌లో సంచి ఉండదు కదా. బిడ్డ చేతికి నరం దొరకదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు గుచ్చుతారు. బిడ్డ అమ్మ వంక చూసి ఏడుస్తుంది. బిడ్డను గట్టిగా పట్టుకోమని నర్సు చెప్పేది ఆ అమ్మకే.

తర్వాత పది రోజులు బిడ్డ బాగానే ఆడుకుంటుంది. ఆ పైన తల్లి కళ్ళు ఆ పిల్ల పెదాల రంగు మీదే ఉంటాయి. "అన్నా, నేను నా బిడ్డ మొహం చూసి ఎన్నాళ్ళయిందో. చూసేది రంగునే" అంది మా ప్రాంతంలో ఒక తల్లి. పౌర్ణమికి ఊరంతా కలిసి అమరావతికి వ్యాను కట్టించుకుని వెళ్తే ఆమె రాదు. చెల్లెలి పెళ్ళిలో కూడా తాళి కట్టేదాకా ఉండి వచ్చేసింది. నిద్ర ఉండదు. చిన్న శబ్దానికి ఉలిక్కిపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న రెండో పిల్లాడు అన్నం కోసం గోల చేస్తే వాడి వీపు వాయిస్తుంది. ఆ తర్వాత వాడిని దగ్గరికి తీసుకుని తానే ఏడుస్తుంది. ఇంకొకటి ఉంది. ఎవరితోనూ చెప్పుకోలేనిది. ఎప్పుడో ఒక అర్ధరాత్రి "ఇక చాలు, ఇది ఎట్లా అయినా అయిపోతే బాగుండు" అనే ఆలోచన వస్తుంది. వచ్చిన మరుక్షణం ఒళ్ళు జలదరిస్తుంది. నేను తల్లినేనా అనుకుంటుంది.

దీని మీదికి చుట్టాలు వస్తారు. మనలాంటి కుటుంబాలకు ఇందులో ఒక ప్రత్యేకమైన బాధ ఉంది. "ఇంట్లో దేవుడి పటాలు తీసేశారు, అందుకే ఇట్లా అయింది" అని ఒక వైపు వాళ్ళు. "ప్రార్థన మానేశారు, మళ్ళీ మందిరానికి రండి" అని ఇంకో వైపు వాళ్ళు. అత్తగారు కోడలి వంక చూసి "మా వంశంలో ఇట్లాంటి జబ్బు లేదమ్మా" అంటుంది. తాయెత్తు, ముడుపు, సోది అన్నీ మెల్లగా గుమ్మం దాకా వస్తాయి. బిడ్డ కోసం ఏమైనా చేయడానికి సిద్ధంగా ఉన్న తల్లి ముందు ఇవి పెట్టడం ఎంత క్రూరమో పెట్టేవాళ్ళకు తెలియదు. కట్టించుకుంటే తన దీక్షకి ద్రోహం చేసినట్టు అనిపిస్తుంది, కట్టించుకోకపోతే బిడ్డకి ద్రోహం చేసినట్టు.

ధమ్మం ఏమంటుందో చూద్దాం. సంయుత్త నికాయంలో మోలియ శివకుడు అనే పరివ్రాజకుడి కథ ఉంది. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసిన కర్మ వల్లే అని కొందరు శ్రమణ బ్రాహ్మణులు అంటున్నారు, మీరేమంటారు అని అతను బుద్ధుణ్ణి అడిగాడు. బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం వల్ల వచ్చే బాధలున్నాయి, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఈ మూడూ కలవడం వల్ల, రుతువు మారడం వల్ల, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల, దెబ్బల వల్ల వచ్చే బాధలున్నాయి అని వరసగా చెప్పాడు. కర్మఫలం అనేది ఆ ఎనిమిదింటిలో చివరన వచ్చే ఒకటి. అన్నిటినీ కర్మ ఖాతాలో వేసేవాళ్ళు తమకు తెలిసినదాన్నీ దాటిపోతున్నారు, లోకం నిజమని ఎరిగినదాన్నీ దాటిపోతున్నారు అన్నాడు. అంటే జబ్బు గురించి అడిగితే బుద్ధుడు పురోహితుడి వైపు చూపించలేదు, వైద్యుడి వైపు చూపించాడు.

బాబాసాహెబ్ ఇంకా ముందుకి వెళ్ళారు. 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో గతజన్మ కర్మ అనే సిద్ధాంతాన్ని పట్టుకుని విప్పి చూపించారు. ఈ జన్మలోని బాధకి పోయిన జన్మ కారణం అనే మాట బుద్ధుడిది కాజాలదని వాదించారు. ఆ మాట వల్ల లాభం ఎవరికి అని కూడా అడిగారు. పేదవాడి దుస్థితికి బాధ్యత తీసుకోకుండా సమాజమూ రాజ్యమూ తప్పించుకోవడానికే అది పనికొస్తుందని తేల్చారు. బ్లడ్ బ్యాంకులో రక్తం లేకపోవడానికి కారణం పోయిన జన్మలో ఉందంటే ఈ జన్మలో ఎవరినీ అడగక్కర్లేదు. కలెక్టరాఫీసు ముందు కూర్చోనక్కర్లేదు. అందుకే ఆ మాట అంత తేలిగ్గా నోట్లోకి వస్తుంది.

మరి కారణం లేదా? ఉంది. తలసీమియా జన్యువుల ద్వారా వస్తుంది. తల్లి, తండ్రి ఇద్దరూ క్యారియర్లు అయితేనే బిడ్డకి పెద్ద తలసీమియా వస్తుంది. ఒక్క తల్లి వైపు నుంచి రాదు. అత్తగారు ముందు ఈ సంగతి తెలుసుకోవాలి. క్యారియర్లకి తమకేమీ జబ్బు ఉండదు, మహా అయితే కొంచెం రక్తహీనత. అలాంటి ఇద్దరికి ప్రతి కాన్పులోనూ 25 శాతం జబ్బు వచ్చే అవకాశం, 50 శాతం బిడ్డ క్యారియర్ అయ్యే అవకాశం, 25 శాతం ఏమీ లేకుండా పుట్టే అవకాశం. మేనరికాల్లో అవకాశం పెరుగుతుంది. పెళ్ళికి ముందో గర్భం మొదట్లోనో హెచ్‌బి ఏ2 అనే రక్తపరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది. జాతకాలు కలిశాయా అని చూసిన తరం మనది కాదు కాబట్టి ఈ కాగితాలు చూసుకోవడానికి మనకేం అభ్యంతరం ఉండకూడదు.

ఇక్కడ ఒక చిక్కుంది. సైన్స్ చెప్పిన కారణం కూడా ఆ తల్లిదండ్రుల చేతిలో కొత్త నిందగా మారిపోతుంది. "పోయిన జన్మ పాపం కాదు సరే, మా రక్తమే కదా బిడ్డకి ఈ గతి పట్టించింది" అని ఒక తండ్రి నా ముందే అన్నాడు. మేనత్త కూతుర్ని చేసుకున్నందుకు తనని తానే తిట్టుకుంటున్నాడు. కారణం వేరు, నేరం వేరు. బుద్ధుడు కమ్మాన్ని చేతనతో ముడిపెట్టాడు. చేతన అంటే తెలిసి, కావాలని సంకల్పించి చేయడం. కావాలని చేయనిదానికి, తెలియనిదానికి, ఒంట్లో కంటికి కనపడని ఒక జన్యువు మోసుకు తిరిగినందుకు నేరం ఎక్కడుంది? ఆ తండ్రి ఏ సంకల్పంతో బిడ్డకి హాని తలపెట్టాడు? తలపెట్టలేదు. కాబట్టి ధమ్మం లెక్కలో అతని ఖాతాలో ఏమీ లేదు. ఈ మాట అతనితో ఒకసారి చెప్తే సరిపోలేదు. చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

అర్ధరాత్రి వచ్చే ఆ భయంకరమైన ఆలోచన సంగతేంటి? అది మనసుతో చేసిన కమ్మం కాదా అని చదువుకున్న ఉపాసకుడొకడు అడగవచ్చు. ఆలోచన రావడం వేరు, దాన్ని పట్టుకుని పెంచుకోవడం వేరు. సతిపట్ఠాన సుత్తంలో మనసుని ఎలా గమనించాలో చెప్పిన చోట, ద్వేషం ఉన్న మనసుని ద్వేషం ఉన్న మనసని తెలుసుకోమన్నారు. దానికి శిక్ష వేయమనలేదు. నిద్రలేక, తిండిలేక, నాలుగేళ్ళుగా భయంలో ఉన్న ఒంట్లోంచి వచ్చిన ఆలోచన అది. ఆ తల్లి తెల్లారి లేచి మళ్ళీ మందు వేళకి వేసింది కదా. ఆమె చేతన ఏమిటో తెలియడానికి అది చూస్తే చాలు.

మనవాళ్ళు ఇంకో తప్పు చేస్తారు. నిందించనివాళ్ళు పొగుడుతారు. "తల్లంటే నువ్వేనమ్మా, నీ ఓర్పుకి దండం" అని. విన్నప్పుడు బాగానే ఉంటుంది. తర్వాత అదే గొంతుకి బిగుసుకుంటుంది. ఓర్పుకి దండం పెట్టించుకున్న మనిషి రేపు "నా వల్ల కావట్లేదు" అని ఎట్లా చెప్తుంది? మన సభల్లో త్యాగమూర్తి రమాబాయి అని మాట్లాడి, ఫొటోకి దండేసి దిగిపోతాం. ఆ తల్లి గంగాధర్, రమేశ్, ఇందు, రాజరత్న అనే నలుగురు పిల్లల్ని పోగొట్టుకుంది. యశ్వంత్ ఒక్కడే మిగిలాడు. 1935 మే 27న ఆమే వెళ్ళిపోయింది. ఆ నాలుగు చావుల మధ్య ఆమె ఎలా ఉంది, ఆమె పక్కన ఎవరు కూర్చున్నారు అని మనం ఎప్పుడైనా మాట్లాడుకున్నామా? 1926లో రాజరత్న పోయాక బాబాసాహెబ్ ఒక మిత్రుడికి రాసిన ఉత్తరం దొరుకుతుంది. అంత చదివినవాడు, అంత పోరాడినవాడు, తాను విరిగిపోయిన సంగతి అందులో దాచుకోలేదు. కుమిలిపోవడం ధమ్మం తక్కువైనందువల్ల కాదు అని మనకి ఇంతకంటే ఎవరు చెప్పాలి?

కిసాగోతమి కథ కూడా మనం సరిగ్గా వాడట్లేదని నా అభిప్రాయం. ఎవరు ఏడ్చినా వెంటనే ఆవగింజల కథ చెప్పి నోరు మూయిస్తున్నాం. చావు లేని ఇల్లు లేదు, కాబట్టి ఏడవకు అని. మొదటి సంగతి, అది బిడ్డ చనిపోయిన తల్లి కథ. బిడ్డ బతికి ఉండి, రేపటి సంచి రక్తం కోసం తిరుగుతున్న తల్లి దగ్గర ఆ కథ ఎత్తకూడదు. అపశకునం అని కాదు, ఆమె బిడ్డని మనం ముందే పాడె ఎక్కించినట్టు ఉంటుంది. రెండో సంగతి, ఆ కథలో బుద్ధుడు ఆమెకి ఉపన్యాసం చెప్పి పంపించలేదు. అందరూ పిచ్చిదని తోసేసిన మనిషిని ఇంటింటికీ పంపించాడు. ప్రతి గడపలోనూ ఎవరో ఒకరు ఆమె ముందు తమ బాధ చెప్పుకున్నారు. సాయంత్రానికి ఆమె ఒంటరి కాదు. తలసీమియా వార్డులో పక్క మంచం తల్లితో మాట్లాడిన రోజే ఈ తల్లులకి ఊపిరి ఆడినట్టుంటుంది. హైదరాబాద్‌లో 1998 నుంచి తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పనిచేస్తోంది. అలాంటి చోటికి వెళ్ళివచ్చినవాళ్ళు మందుల గురించి ఎంత చెప్తారో, అక్కడ కలిసిన ఇతర తల్లిదండ్రుల గురించి అంతకంటే ఎక్కువ చెప్తారు.

తండ్రుల మాట. వాళ్ళకి ఏడ్చే చోటు లేదు. కొందరు ఓవర్‌టైములు చేసి ఇంటికి రావడం తగ్గిస్తారు. కొందరు సీసా పడతారు. పంచశీలలో ఐదోది గుర్తుచేసి తిట్టడం తేలికే. కానీ తిట్టే ముందు సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా అతను ఎక్కడ కూర్చోగలడో చూపించాలి. భార్య మీద చెయ్యెత్తితే మాత్రం సానుభూతి అక్కడితో ఆగిపోవాలి. జబ్బు దానికి సాకు కాదు.

సంయుత్త నికాయంలోనే ఇంకో కథ ఉంది. సేదక అనే ఊళ్ళో బుద్ధుడు చెప్పినది. వెదురు గడ మీద విన్యాసాలు చేసే ఒక గురువు, అతని శిష్యుడు. పాళీలో ఆ గురువుని చండాలవంసికుడు అన్నారు. ఊరూరా గడ నిలబెట్టి బతికిన మనలాంటి మనిషే అనుకుంటాను. గురువు అంటాడు: నువ్వు నన్ను చూసుకో, నేను నిన్ను చూసుకుంటా, అట్లా దిగి నాలుగు డబ్బులు సంపాదిద్దాం. శిష్యుడు అట్లా కాదంటాడు. నీ ఒళ్ళు నువ్వు చూసుకో, నా ఒళ్ళు నేను చూసుకుంటా, అప్పుడే ఇద్దరం క్షేమంగా దిగుతాం. బుద్ధుడు శిష్యుడి మాటే సరైన పద్ధతి అన్నాడు. తనని కాపాడుకుంటే ఇతరుల్ని కాపాడినట్టు, ఓర్పుతో, మైత్రితో, దయతో ఇతరుల్ని కాపాడితే తనని కాపాడుకున్నట్టు అని రెండూ కలిపి చెప్పాడు. బిడ్డని భుజం మీద ఎక్కించుకుని గడ మీద నిలబడ్డ తల్లికి కాళ్ళు వణికితే పడేది ఒక్కరు కాదు. ఆమె నాలుగు గంటలు నిద్రపోవడం, చెల్లెలి పెళ్ళికి వెళ్ళడం, సినిమా చూసి నవ్వడం స్వార్థం కాదు. బిడ్డ వైద్యంలో అదొక భాగం.

కానీ నిద్రపొమ్మని చెప్పడానికి మనకేం? ఆ నాలుగు గంటలు బిడ్డ దగ్గర ఎవరుంటారు? అసలు ప్రశ్న ఇదే. మహావగ్గలో అతిసారం పట్టి తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్కువు కథ మనందరికీ తెలుసు. ఇతన్ని ఎందుకు ఎవరూ చూడట్లేదని బుద్ధుడు అడిగితే, ఇతను తోటి భిక్కువులకు ఏ పనీ చేసిపెట్టడు, అందుకని చూడట్లేదు అన్నారు. బుద్ధుడు నీళ్ళు పోశాడు, ఆనందుడు కడిగాడు, ఇద్దరూ కలిసి ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. కథ అక్కడితో ఆపేస్తాం మనం. ఆ తర్వాత బుద్ధుడు ఒక ఏర్పాటు చేశాడు. గురువు జబ్బుపడితే శిష్యుడు, శిష్యుడు పడితే గురువు, ఎవరూ లేకపోతే సంఘం చూడాలి, చూడకపోతే దోషం అని. అంటే రోగి సేవని దయగల ఒక్క మనిషి గుండెకి వదిలేయలేదు. వంతు పెట్టాడు. మనం మాత్రం మొత్తం వంతు తల్లికే ఇచ్చాం.

లెక్క వేసి చూస్తే పెద్ద భారం కాదు. మూడు వారాలకోసారి రక్తం అంటే ఏడాదికి సుమారు 17 సార్లు. మగవాళ్ళు మూడు నెలలకోసారి, అంటే ఏడాదికి నాలుగుసార్లు రక్తం ఇవ్వవచ్చు. చిన్నపిల్లకి ఒక్కో సంచి చొప్పున ఐదుగురు మనుషులుంటే ఒక బిడ్డ ఏడాది గడిచిపోతుంది. మనం ఏప్రిల్ 14న ఒకేరోజు వంద మంది ఇచ్చి ఫొటోలు దిగుతాం. ఎర్రకణాలు నిలవ ఉండేది 35 నుంచి 42 రోజులు. ఈ పిల్లలకి వీలైనంత తాజా రక్తం కావాలి. మే నెలాఖరుకి ఆ వంద సంచుల్లో మిగిలేదేమీ ఉండదు. జయంతి నాడు ఇరవై మంది ఇచ్చి మిగతా ఎనభై మంది నెలల వారీగా పంచుకుంటే అది బాబాసాహెబ్‌కి ఇంకా మంచి నివాళి. కాగితాల పని కూడా ఎవరో ఒకరు తలకెత్తుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా ఉంది, సర్టిఫికెట్ తీయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద తలసీమియాకి నెలకి 10,000 రూపాయల పింఛను ఉంది. మజ్జ మార్పిడికి కోల్ ఇండియా సాయంతో 2017లో మొదలైన తలసీమియా బాల సేవా యోజన ఉంది. ఇవన్నీ తిరగడానికి ఆ తల్లిదండ్రులకి ఓపిక ఉండదు. మనకి ఉంటుంది.

మనసు మరీ కుంగిపోతే ధ్యానం ఒక్కటే చాలని చెప్పకండి. ఆనాపానసతి మంచిదే, నేను చేస్తాను. కానీ రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, చచ్చిపోవాలనిపిస్తున్నా, బిడ్డతో సహా ఏదైనా చేసుకుందామనిపిస్తున్నా అది డాక్టరు చూడాల్సిన జబ్బు. పిచ్చి డాక్టరు అనే మాట మానేద్దాం. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్ళు పగలైనా రాత్రయినా తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. ఆమె చేయలేకపోతే నంబరు కొట్టి ఫోను ఆమె చేతికి ఇవ్వండి. ఆ రాత్రి ఆమెని ఒంటరిగా మాత్రం వదలకండి.

ఈ వర్షావాసం మొదట్లో మా విహారంలో ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాం. మొదటి పేజీలో రక్తం ఇచ్చేవాళ్ళ పేరు, గ్రూపు, కిందటిసారి ఇచ్చిన తేదీ. అది త్వరగానే నిండింది, ముప్పై మంది దాకా కుర్రాళ్ళు రాశారు. రెండో పేజీ వార్డులో బిడ్డ పక్కన తల్లికి బదులు ఒక పూట కూర్చునేవాళ్ళది. అందులో ఇప్పటికి నాలుగు పేర్లున్నాయి. నలుగురూ ఆడవాళ్ళే. నోటుబుక్కు తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది, పెన్ను దారంతో కట్టి ఉంది.